భాజకం దొరకని సంఖ్య

కూర్మనాథ పంతులు గారు శిష్యులతో వాదించరు. ప్రశ్న గట్టిదైతే కండువా భుజాన వేసుకుని బయలుదేరతారు. అడిగినవాడు వెంట నడవాలి.

ఆ రోజు అడిగినవాడు విశ్వపతి. మూడు వందల అంకెలున్న ఒక సంఖ్య మీద అతను రెండేళ్లుగా కూర్చున్నాడు. దేనితో భాగించినా అది లొంగలేదు. ప్రధాన సంఖ్యేనని ఆశ పెట్టుకున్నాడు. ఆ పొద్దున పంతులు గారు చెప్పిన పరీక్ష చేశాడు. సంఖ్య ప్రధానమైతే ఆ లెక్క చివర శేషం ఒకటి రావాలి. వచ్చింది వేరే సంఖ్య.

"అయితే ఇది సంయుక్త సంఖ్యే," అన్నారు పంతులు గారు.

"దేనితో తెగుతుందో చూపించకుండా తెగుతుందని ఎలా ఒప్పుకోమంటారు మాస్టారూ?" అన్నాడు విశ్వపతి.

పంతులు గారు కండువా అందుకున్నారు.

ఇద్దరూ సముద్రపు ఒడ్డున ఉన్న జాలారిపేటకు వెళ్లారు. అక్కడ పోలమ్మ ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఆమె కూతురికి పంతులు గారే లెక్కలు నేర్పారు. ఆమె భర్త దానయ్య కార్తీకంలో వచ్చిన తుపానుకు ముందు చేపల వేటకెళ్లాడు. పడవా రాలేదు, మనిషీ రాలేదు. సంక్రాంతి కూడా దాటిపోయింది. కర్మ చేయిస్తానని పోలమ్మ పట్టుబట్టింది. మరిది గురయ్య అడ్డుపడ్డాడు.

"ఎవలు చూసేరొదినా? ఏ కెరటం ముంచేసిందో సెప్పు, అప్పుడు సేద్దాం. ఊరికినే మా అన్నని సంపేత్తావా?"

విశ్వపతి తలవంచుకున్నాడు.

పోలమ్మ గొంతు పెంచలేదు. "నాకేటి తెలుసు, ఏ కెరటమో! మీయన్న ఏ ఒడ్డున పడ్డా ముందు మీయమ్మకి కబురెట్టీవోడు. ఒకపాలి ఒడిశాలో తేలినా ఎట్టేడు. జొరంతో పడున్నా ఎట్టేడు. ఇప్పుడెట్టనేదు. బతికుంటే ఎట్టకుండా ఉంటాడేట్రా?"

గురయ్య గడప మీద కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. లోపల దానయ్య తల్లి ఏడుపు మొదలైంది.

మనిషికి బదులు అతని చొక్కాను ఒడ్డున ఇసకలో పూడ్చారు. పోలమ్మ తన చేత్తోనే మట్టెలు తీసేసింది. ఎవరూ ఆమెను పట్టుకోవలసిన అవసరం రాలేదు.

అంతా లేస్తుండగా వేట ముగించుకుని ఒక పడవ ఒడ్డుకు వచ్చింది. పోలమ్మ గబాలున లేచి నీళ్ల దాకా వెళ్లింది. చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని, దిగిన ఒక్కొక్కడి మొహమూ చూసింది. ఆఖరివాడు వల భుజాన వేసుకుని, ఆమె వైపు చూడలేక పక్కనుంచి తప్పుకున్నాడు. ఆమె ఇంకా ఖాళీ పడవను చూస్తూ నిలబడే ఉంది. కూతురు వచ్చి చేయి పట్టుకుంటేగాని కదల్లేదు.

తిరుగుదారిలో విశ్వపతి అన్నాడు: "నా లెక్క ఒప్పుకుంటున్నాను మాస్టారూ. తెగుతుందని తేలిపోయింది కాబట్టి, ఇక భాజకాల కోసం వెతకడం మానేస్తాను."

పంతులు గారు ఆగి వెనక్కి, పోలమ్మ పడవకు ఎదురెళ్లిన ఒడ్డు వైపు చూశారు.

"ఆవిడకు తేలలేదంటావా?" అన్నారు.