బిందెలో వెయ్యని బిళ్ళ

అనగనగా ఒక లంక. లంకంటే రావణాసురుడిది కాదే తింగరిదానా, గోదారి మధ్యలో మేట వేసిన లంక. ఆ లంకలో మాణిక్యం అని ఒకావిడ ఉండేది. నీళ్ళు తేర్చడానికి ఆవిడ పెట్టింది పేరు.

వరదొస్తే గోదారి ఎలా ఉంటుందో తెలుసుగా? ఎర్రగా, చిక్కగా, టీలాగ. మాణిక్యం ఏం చేసేదంటే, ఒక చిల్లగింజ తీసుకుని కుండ లోపల గరగరా అరగదీసి, అందులో ఆ నీళ్ళు పోసి కలిపి వదిలేసేది. కాసేపటికి బురదంతా అడుక్కి దిగిపోయి, పైన నీళ్ళు తేటగా నిలిచేవి. వాళ్ళమ్మ నేర్పింది. వాళ్ళమ్మకి వాళ్ళమ్మ నేర్పింది. ఆ గింజ చూసుకుని మాణిక్యానికి ఎంత గీరో!

ఒక ఏడాది పెద్ద వరదొచ్చింది. బోరింగు మునిగింది, మరుగుదొడ్లు మునిగాయి, గొడ్ల చావిళ్ళు మునిగాయి. ఆ కుళ్ళంతా నీళ్ళలోనే కలిసింది. అప్పుడు లంకలో వాళ్ళందరూ తుఫాను షెల్టరు మేడెక్కారు. పడవ మీద నర్సమ్మ వచ్చింది. "కట్టెలన్నీ తడిసిపోయాయి, నీళ్ళు కాచుకోలేరు. ఈ క్లోరిన్ బిళ్ళలు తీసుకో మాణిక్యమ్మా, బిందెకొకటి వెయ్యి. నీళ్ళు తేటగా ఉన్నా సరే, వెయ్యాల్సిందే" అని చెప్పి, నీళ్ళ పని ఆవిడకే అప్పజెప్పింది.

మొదటి బిందెలో వేసింది పాపం. బుల్లియ్య తాత ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఏమే మాణిక్యం, నీ నీళ్ళు ఆస్పత్రి కంపు కొడుతున్నాయే!" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఒక్క బిళ్ళ వేస్తే ఒట్టు. గింజ అరగదీసింది, తేట నీళ్ళు పోసింది. "హమ్మయ్య, ఇవీ మాణిక్యం నీళ్ళంటే!" అన్నారు. వెళ్ళేటప్పుడు నర్సమ్మ అడిగితే "ఆఁ, వేస్తున్నానండి" అంది. చూశావా, అబద్ధం ఎంత సుళువుగా వచ్చేసిందో!

మర్నాడు, వలలు వేసే సూరిబాబుకి విరేచనాలు పట్టుకున్నాయి. ఆ తర్వాత బుల్లియ్య తాతకి వాంతులు కూడా మొదలయ్యాయి. నర్సమ్మ పక్క లంకలో ఉంది, వచ్చేదాకా ఆ ముసలి ప్రాణం ఆగలేదు. మధ్యాహ్నానికి పోయాడు.

అప్పుడు జనం ఎవరినో ఒకరిని అనాలి కదా? "నూకరత్నం పెట్టిన ఎండుచేపల కూర వల్లే" అన్నారు. నూకరత్నం మొగుడు లేని మనిషి. మేడెక్కేటప్పుడు తపేలా నెత్తిన పెట్టుకొచ్చి, ఉన్న కూరంతా నలుగురికీ పంచింది. అంత పుణ్యం చేసినందుకు ఆమెని మెట్ల మీదికి పొమ్మన్నారు. గిన్నె ముట్టుకోనివ్వలేదు.

మాణిక్యానికి లోపల తెలుస్తూనే ఉంది. నోరు విప్పలేదు. విప్పితే? తాతని చంపింది నువ్వే అనరూ? సిగ్గుతో గోడకేసి తిరిగి కూర్చుంది. అన్నం పొట్లం ఇస్తే పక్కన పెట్టేసింది.

మర్నాడు జబ్బు పడ్డ మూడోది లోవ. నూకరత్నం కూతురు, అయిదేళ్ళ పిల్ల, నీ అంతే ఉంటుంది. కళ్ళు లోపలికి పోయాయి, పెదాలు ఎండిపోయాయి, ఏడిస్తే కన్నీళ్ళు కూడా రావడం లేదు. "నా చేతి కూరే నా పిల్లని మింగేస్తోందమ్మా" అని నూకరత్నం తల బాదుకుంది. జనం అన్న మాట తనూ నమ్మేసింది, పిచ్చిది.

అప్పుడే నర్సమ్మ వచ్చింది. ఉప్పూ పంచదారా ఉండే ప్యాకెట్టు చింపింది. మాణిక్యం బిందెలోంచి చెంబు ముంచి, పొడి కలిపి, "తాగమ్మా" అని పిల్ల నోటి దగ్గర పెట్టింది.

మాణిక్యం ఒక్క ఉదుటున లేచి ఆ చెంబు తోసేసింది.

"ఆ నీళ్ళు పట్టకండి! నేను బిళ్ళలు వెయ్యలేదు. కూర కాదు, చేప కాదు. నా నీళ్ళే" అంది. కొంగుముడి విప్పింది. బిళ్ళలన్నీ అందులోనే ఉన్నాయి.

నర్సమ్మ తిట్టడానికి కూడా ఆగలేదు. తన సీసాలో నీళ్ళతో ఇంకో ప్యాకెట్టు కలిపి లోవకి చెంచాతో పట్టింది, సూరిబాబుకీ తాగించింది. బిందెలన్నీ వంపించేసి, కొత్త నీళ్ళు తేర్పించి, బిళ్ళ వేయించి, అరగంట ఆగాకే అందరికీ పోయించింది. సాయంత్రానికి లోవ ఉచ్చ పోసింది. నవ్వకే! ఉచ్చ పోసిందంటే పిల్ల దక్కినట్టే అంది నర్సమ్మ.

అందరూ మాణిక్యాన్ని దులిపేస్తారనుకున్నావు కదూ? ఆవిడా అదే అనుకుంది. తిడితే బాగుండుననుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. నూకరత్నాన్ని మెట్ల మీదికి తోలింది వాళ్ళే కదా, వాళ్ళకీ తలెత్తే మొహం లేదు. మాణిక్యం వెళ్ళి నూకరత్నం కాళ్ళ దగ్గర కూలబడింది.

నూకరత్నం తిట్టలేదు. ఒళ్ళో పిల్లని సర్దుకుంటూ ఒక్కటే అడిగింది. "నిన్న సూరిబాబు పడ్డప్పుడే చెప్పుంటే బుల్లియ్య తాతకి ఆ నీళ్ళు పోసేవాళ్ళం కాదు కదా అక్కా?"

మాణిక్యం ఔనని తలూపింది. ఆ వంచిన తల చాలా ఏళ్ళదాకా ఎత్తలేదు.

అయ్యో, ఏడుస్తున్నావేంటే? ఇలా రా, దుప్పటి కప్పుతాను.

కథ ఎక్కె కంచి పడవ,
మనం చేరాం మనింటి గడప.