ఆటకు ముందురోజు వడ్డన

ఖాదర్‌వలీ మూడేళ్ళు వరుసగా ఓడిపోయాడు. మొదటి రెండేళ్ళూ ఎదుటివాడి మీద పడి ఓడాడు, మూడో ఏడు ఇల్లు కదలకుండా ఓడాడు. నాలుగో ఆట రేపు అనగా అతనికి అన్నం సయించలేదు.

ఆట చదరంగం. వంకకు ఇవతల దర్గా, అవతల వీరశైవుల మఠం. ఏటా దర్గాలో గంధం పండుగకు ముందు రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరు కూర్చుని ఒక్క ఆట ఆడతారు. ఓడినవాడు గెలిచినవాళ్ళ పంక్తికి తన చేత్తో వడ్డించాలి. ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. అరవైమంది ఎదుట గరిటె పట్టుకుని తిరగడం ఎంత నామోషీయో మాత్రం దర్గా తరఫున ఆడే ఖాదర్‌వలీకి బాగా తెలుసు.

మొదట్లో అతని ఆటకు ఆగడమన్నదే లేదు. గుర్రాలు పరుగెత్తేవి, మంత్రి అందరికంటే ముందే బయల్దేరేవాడు, వెనకాల రాజు ఒక్కడూ దిక్కులు చూస్తూ ఉండేవాడు. మఠంలో విభూతి ఉండలు చేసే మరుళయ్య తాపీగా వచ్చి ఆ రాజును పట్టుకునేవాడు. దాంతో బుద్ధొచ్చిందనుకుని, నిరుడు ఒక్క పావునూ గడప దాటనివ్వలేదు. అన్నీ రాజు చుట్టూ గుమిగూడాయి. చివరికి కదలడానికి గడి లేక, సొంతవాళ్ళ మధ్యనే రాజు చిక్కుబడిపోయాడు.

ఈసారి ఓడితే పావులన్నీ వంకలో పారేసి, మళ్ళీ చదరంగం పలక ముట్టనని నలుగురిలో అనేశాడు. పాలపళ్ళు ఊడకముందు నుంచీ ఆడుతున్న ఆట. అన్న తర్వాత ఎందుకన్నానా అని అతనికే ఏడుపొచ్చింది.

గురువు రహమతుల్లా బాబా ముంగిట్లో కూర్చుని దుప్పటికి మాసిక వేసుకుంటున్నాడు. ఖాదర్‌వలీ వెళ్ళి ఎదురుగా కూలబడ్డాడు.

"బాబా, రేపు మీద పడాల్నా, కాచుకోవాల్నా? ఏదో ఒకటి చెప్పండి."

బాబా సూదిలోకి దారం ఎక్కించుకుంటూ, ఓడినవాడు ఏం చెయ్యాలని అడిగాడు. వడ్డించాలన్నాడు శిష్యుడు.

"అయితే పోయి, ఆ పని ఇప్పుడే చేసిరా."

ఆట రేపు కదా అని ఖాదర్‌వలీ నీళ్ళు నమిలాడు. బాబా అప్పటికే మళ్ళీ కుట్టుపనిలో పడ్డాడు. ఇక అక్కడ కూర్చుని లాభం లేదని, తిట్టుకుంటూ వంక దాటాడు.

మఠంలో అప్పుడే విస్తళ్ళు వేస్తున్నారు. గరిటె ఇవ్వమని అడిగిన ఖాదర్‌వలీని చూసి మరుళయ్య పగలబడి నవ్వాడు.

"ఏమప్పా, ఆడకుండానే ఒప్పుకుంటివా?"

"ఓడిపోయినాననే అనుకో సామీ. మా బాబా పంపినాడు."

పంక్తి మొత్తం నవ్వింది. ఎందుకో ఖాదర్‌వలీకీ నవ్వొచ్చింది. పడాల్సిన నామోషీ ఏదో పడిపోయింది, ఇక దాచుకోవడానికి ఏముంది? గరిటె తీసుకుని తలెత్తి చూశాడు.

మూడేళ్ళూ అతను నేల చూపులు చూస్తూ వడ్డించాడు. త్వరగా అయిపోతే చాలని ఒక విస్తట్లో గుట్టలుగా పోసేవాడు, ఎవరన్నా ఏమన్నా అంటారని ఇంకో విస్తరి దాటేసేవాడు. ఈసారి ఒక్కొక్క విస్తరీ కనిపించింది. ఒకాయన అన్నంలో గుంట చేసి చారు కోసం చూస్తున్నాడు. పక్కాయనకు పప్పు ఇంకా మిగిలే ఉంది. మరుళయ్య విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, పాయసం చాలంటే చాలన్నాడు. ఖాదర్‌వలీ వెళ్ళిపోలేదు, బలవంతమూ చెయ్యలేదు. అక్కడే నిలబడ్డాడు. మరుళయ్య పక్కవాడితో మాటల్లో పడి చేతులు తీశాడో లేదో, గరిటెడు పాయసం విస్తట్లో పడింది. ఇన్నేళ్ళకు కడుపునిండా పెట్టావని పెద్దాయన ఒకరు మెచ్చుకున్నారు.

తిరిగొచ్చాక బాబా అతన్ని అన్నం తిని పడుకోమన్నాడు. ఖాదర్‌వలీ ఆకలిగా తిన్నాడు.

మర్నాడు ఆట మొదలైంది. మరుళయ్య బంట్లన్నీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఖాదర్‌వలీ రాజును ఓ మూలకు చేర్చి భద్రం చేశాడు, ఒక ఏనుగుకు దారి చేసుకున్నాడు, తర్వాత చూస్తూ కూర్చున్నాడు. మీద పడవేంరా అని దర్గావాళ్ళు సణిగారు. పొద్దు నడినెత్తికొచ్చే వేళకు మరుళయ్య విసుగొచ్చి ఒక బంటును ముందుకు జరిపాడు. మరుక్షణం ఖాదర్‌వలీ గుర్రం ఆ సందులో వాలింది. దాని వెనకే మంత్రి, ఏనుగు. ఎనిమిది ఎత్తుల్లో ఆట కట్టు.

మరుళయ్య లేచి పంచె దులుపుకున్నాడు.

"గరిటె ఎక్కడుందప్పా?"

ఖాదర్‌వలీ పరుగున బాబా దగ్గరికి వచ్చాడు. అతను నోరు తెరవకముందే బాబా అడిగాడు.

"ఎట్లా ఆడితివి? మీద పడినావా, కాచుకున్నావా?"

ఖాదర్‌వలీ ఆలోచించాడు.

"తెలీదు బాబా. పలకనే చూస్తా ఉంటిని."

బాబా మొహం విప్పారింది.

"నాకు ఈ మాట చాలు. గెలిచిన సంగతి పోయి పంక్తిలో ఆకలిగా కూర్చున్నోళ్ళకు చెప్పు."