పన్నెండు చిప్పల గింజలు

నల్లేటి వాగుకు ఇవతల వరి పొలాలు, అవతల తేనెగుట్ట. ఇవతలి గట్టు కింద కలుగులో నూకాలు అనే ఎలుక ఒంటరిగా ఉండేది. తెల్లారితే మళ్లలో రాలిన గింజలు ఏరుకోవడం, సగం తిని సగం దాచడం, అదే దాని బతుకు. ‘కడుపు మాడ్చుకుని కలుగు నింపుతోంది’ అని పొరుగు ఎలుకలు నవ్వేవి. నవ్వితే నవ్వనీ అనుకునేది నూకాలు.

రెండేళ్ల కిందట వరద వచ్చి ఆ గట్టు సగం కొట్టుకుపోయింది. నూకాలు అక్క ఎర్రమ్మ ఒక అరటి బోదె పట్టుకుని ఎలాగో అవతల తేలింది. తల్లిని పాము మింగిన నాటినుంచి నూకాలును నోట కరుచుకుని తిప్పి పెంచింది ఆ అక్కే. ఇప్పుడు ఎర్రమ్మకు చూపు పోయింది, వాగు దాటి వచ్చే ఓపికా పోయింది. అటూ ఇటూ ఎగిరే గోరువంక ఆ కబురు మోసుకొచ్చింది.

“తడుముకుంటూ తిరుగుతోంది వదినా. ఎవరి అడుగు వినబడినా ‘నూకాలేనా?’ అంటోంది. పోయి దగ్గరుండి చూసుకో.”

నూకాలు ఆ పూటే రేవుకు పరిగెత్తింది. అక్కడ ముసలి తాబేలు బుచ్చన్న కాపలా. వీపు మీద ఎక్కించుకుని దాటించేదీ ఆయనే, ఎవరిని దాటించాలో తేల్చేదీ ఆయనే.

“పది రోజులు చూసొస్తానంటే పిడికెడు గింజలు చాలు. ఉండిపోతానంటే మాత్రం ఏడాది తిండి చూపించాలి. నెలకో కొబ్బరి చిప్ప చొప్పున పన్నెండు చిప్పలు,” అన్నాడు బుచ్చన్న. “అవి నీవే అయి ఉండాలి, మూడు నెలలుగా నీ కలుగులోనే ఉండి ఉండాలి. కరువొచ్చిన ఏడాది వలస పోయినవాళ్లు గుట్టవాళ్ల గింజలన్నీ తినేశారమ్మా, అప్పట్నుంచీ ఈ కట్టుబాటు. పున్నమికి వచ్చి చూస్తాను.”

నూకాలు ఇంటికొచ్చి కొలిచింది. పది చిప్పలు తేలాయి. మళ్లీ కొలిచింది. పదే. పది రోజులు చూసి వచ్చేస్తే, ఆ తరవాత చూపులేని అక్కను ఎవరు చూస్తారు? కోతలకు ఇంకా రెండు నెలలు, ఆ పైన గింజ పాతబడడానికి మూడు నెలలు. అంతదాకా అక్క ఏ ముళ్లకంపలో పడుతుందోనని అది కలుగు ముందు కూలబడి ఏడ్చింది.

ఆ ఏడుపు విని గవర్రాజు వచ్చాడు. గవర్రాజు నక్క. రేవు దాటాలనుకునేవాళ్లకు ‘సాయం’ చేయడం అతని వ్యాపారం.

“రెండు చిప్పలకా చెల్లెమ్మా ఈ కన్నీళ్లు? నేనిస్తాను. తాబేలు చూసి వెళ్లగానే నా రెండూ నాకిచ్చేయ్, నా కష్టానికి ఇంకో చిప్ప.”

“మూడు నెలలు నా దగ్గరే ఉండాలట కదా బాబూ?”

“గింజకేమైనా పుట్టిన తేదీ ఉంటుందా? నీ వాటిలో కలిపేయ్. అడిగితే నావే అను. అబద్ధం ఆడినా అతికినట్టుండాలి, అంతే.”

నూకాలు మనసు వద్దంది. కానీ ‘నూకాలేనా?’ అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. సరేనంది.

పున్నమి పొద్దున బుచ్చన్న వచ్చాడు. కలుగు ముందు పన్నెండు చిప్పలు వరసగా ఉన్నాయి. ఒక్కో చిప్ప దగ్గర ఆగి వాసన చూశాడు, గింజ కొరికి చూశాడు. చివరి రెండు చిప్పల దగ్గర చాలాసేపు ఆగాడు. ఒకదాంట్లోంచి ఎర్రటి వెంట్రుక ఒకటి తీసి పక్కన పెట్టాడు.

“ఇవన్నీ నీవేనా అమ్మా?”

“నావే తాతా.”

“ఆలోచించుకుని చెప్పు. మళ్లీ అడుగుతున్నాను.”

నిజం నూకాలు నాలుక చివరిదాకా వచ్చింది. గట్టు మీద పొదలోంచి నక్క చూస్తోంది.

“నావే.”

బుచ్చన్న కళ్లు మూసుకున్నాడు. “పదింటికి నీ కలుగు మట్టి వాసన ఉంది. ఈ రెండూ ఏదో కళ్లంలో తడిసిన వడ్లు, నక్క బొరియ కంపు కొడుతున్నాయి. దొంగలెక్క చూపినవాళ్లకు ఏడాది దాకా రేవు మూత. పది రోజులకు కూడా దాటించను. ఇది నా ఇష్టం కాదమ్మా, కట్టుబాటు.”

“తాతా, మా అక్కకు చూపు లేదు! అక్కడ దానికెవరూ లేరు!”

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. “అక్కడ నీకు అక్క ఉందా? ఆ మాట మొన్ననే చెబితే ఎంత బాగుండేది! అవతలున్న తోబుట్టువు ‘కొరవ నాది, తగ్గింది నేను చూసుకుంటా’ అని మాటిస్తే పది చిప్పలే చాలు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నావు తల్లీ. నువ్వు చెప్పలేదు. నేనూ అడగలేదు.”

తలవంచుకుని వాగులోకి దిగిపోయాడు. నూకాలు తేరుకునేలోగా గవర్రాజు వచ్చి తన రెండు చిప్పలతోపాటు మూడోదీ ఎత్తుకున్నాడు.

“నన్నెందుకు ముంచావు?” అంది నూకాలు.

“చూపించడానికిచ్చాను, చూపించావు. ఆయన నమ్మకపోతే నా పూచీ ఏముంది?” అంటూ పోయాడు. అరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అనలేదు.

ఆ ఏడాదంతా నూకాలు ఏరుతూనే ఉంది. ఎండలో ఏరింది, ముసురులో ఏరింది. గోరువంక వచ్చినప్పుడల్లా అక్క మాట తెచ్చేది: “ఎప్పుడొస్తుందని అడుగుతోంది.”

“దారిలో ఉన్నానని చెప్పు,” అనేది నూకాలు.

కార్తీకం చలిలో ఒకనాడు గోరువంక వచ్చి కొమ్మ మీద ముడుచుకు కూర్చుంది. ఎప్పటిలా గలగలలాడలేదు. నూకాలు చేతిలో గింజ జారిపోయింది.

“ఎప్పుడు?”

“నిన్న పొద్దున. గుట్టవాళ్లు ఆకులు కప్పారు. చివరిదాకా వాగు వైపే మొహం పెట్టుకుని పడుకుంది వదినా.”

పున్నమికి గడువు తీరింది. బుచ్చన్న తానే వచ్చాడు. పన్నెండు చిప్పలూ చూశాడు. అన్నీ పాత గింజలే, అన్నిటికీ ఒకే మట్టి వాసన.

“సరిగ్గా ఉన్నాయమ్మా. ఎక్కు, దాటిస్తాను.”

“ఎవరి దగ్గరికి తాతా?” అంది నూకాలు.

బుచ్చన్న కాసేపు దాని పక్కనే కూర్చుని వెళ్లిపోయాడు.

ఆ తరవాత ఏళ్లు గడిచినా, రేవుకు ఎవరొచ్చినా గట్టు మీద ముసలిదైపోయిన నూకాలు ఎదురొచ్చేది. “ఎంత ఉంటే అంతే చూపించండి. అవతల మీవాళ్లెవరున్నారో ముందే చెప్పండి,” అనేది. కొందరు విన్నారు. కొందరు విసుక్కుని గవర్రాజు దగ్గరికే పోయారు.

కొరత చెప్పుకుంటే తీర్చేవాళ్లుంటారు. అరువు తెచ్చి కప్పుకుంటే ఉన్నదానికీ విలువ పోతుంది.