సగం దారి

గురువును కొండమీది సమాధి దగ్గరికి తీసుకెళ్లడం ఎలాగో జిలానీకి తోచలేదు. ఆ ఆలోచన అతని మనసులో పుండులా సలుపుతూ ఉండేది.

గురువు పేరు హాషిమ్ షా. నీలగుబ్బ కొండల కింద, అడవి మొదలయ్యే చోట ఆయన ఆశ్రమం, ఖాన్కా ఉంది. నాలుగు గదులు, ఒక బావి, కొద్దిమంది శిష్యులు. ఆయనకు గురువైన మురాద్ షా సమాధి కొండ కొన మీద ఉంది. కాళ్లలో బలం ఉన్నన్నాళ్లూ హాషిమ్ షా వారం వారం నడిచి వెళ్లి పూలు పెట్టి వచ్చేవారు. మోకాళ్లు పట్టేశాక జీపులో వెళ్లేవారు. తర్వాత ఆ కొండలన్నిటినీ కలిపి పార్కు చేశారు. పైకి పోయే కంకర దారికి అడ్డంగా గేటు పెట్టారు. మోటారు బండ్లు వెళ్లకూడదు. నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు వెళ్లవచ్చు.

గేటు పెట్టిన రోజున హాషిమ్ షా అక్కడిదాకా వెళ్లి చూసి, మంచి పని చేశారన్నారు. దుమ్ము తగ్గుతుందని, జింకలు బతుకుతాయని అన్నారు. అప్పటినుంచి గేటు ఇవతలే నిలబడి, కొండవైపు తిరిగి సలాం చేసి వచ్చేవారు.

జిలానీకి ఇది మింగుడుపడలేదు. ఆదివారం వచ్చిందంటే పట్నం నుంచి సైకిళ్లవాళ్లు దిగేవారు. లావుపాటి టైర్లు, రంగురంగుల టోపీలు, మెరిసే కళ్లజోళ్లు. గేటు పక్క సందులోంచి దూరి, నవ్వుకుంటూ పైకి పోయేవారు. వాళ్లను చూస్తే అతను పళ్లు కొరికేవాడు. ఆటకొచ్చినవాడికి దారి ఉంది, అల్లా కోసం బతికినవాడికి లేదు, ఇదెక్కడి న్యాయమని తోటి శిష్యుల మీద విరుచుకుపడేవాడు.

ఒకరోజు గురువునే అడిగాడు, మీలాంటివాళ్లకు కూడా ఈ చట్టాలేనా అని. బావి దగ్గర శిష్యులు నీళ్లకోసం వరసలో నిలబడి ఉంటే, హాషిమ్ షా లేచి వెళ్లి ఆ వరస చివర నిలబడ్డారు. జిలానీ అది చూశాడు. చూసి కూడా అది తనకు జవాబని అనుకోలేదు.

నియమాన్ని పదిమందిలో మెచ్చుకుని, తనవాళ్ల కోసం దానికి చాటుగా చిల్లు పొడిచేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. తాము తప్పు చేస్తున్నామని వాళ్లు అనుకోరు. తమది భక్తి అంటారు, ప్రేమ అంటారు. జిలానీ కూడా అలాగే అనుకున్నాడు. అతని బావమరిది ఒక నాయకుడి వెనక తిరుగుతుండేవాడు. అతని ద్వారా ఆ నాయకుడి చేత పార్కువాళ్లకు ఫోన్ చేయించాడు. మురాద్ షా వర్ధంతికి జరిగే ఉర్సు ఆ ఏడు ఆదివారం నాడు వచ్చింది. ఆ పొద్దున జీపుకు గేటు తెరిచేలా మాట అయింది. గురువుకు మాత్రం, పార్కువాళ్లే గౌరవంగా మిమ్మల్ని రమ్మన్నారని చెప్పాడు.

హాషిమ్ షా అతని ముఖంలోకి చూశారు. ఏదో అడగబోయి ఆగిపోయారు. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి ఒక డబ్బాలో నీళ్లు పట్టించుకుని జీపెక్కారు.

జిలానీ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. దారి సన్నం. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. సైకిళ్లవాళ్లు ముందుకు వంగి, రొప్పుతూ, మెల్లగా ఎక్కుతున్నారు. డ్రైవరు హారన్ కొట్టినప్పుడల్లా వాళ్లు ఉలిక్కిపడి ముళ్లపొదల్లోకి తప్పుకున్నారు. కొట్టమని జిలానీయే చెబుతున్నాడు. ఈ రోజు తప్పుకోవడం వాళ్ల వంతు అనుకున్నాడు. వెనకనుంచి హాషిమ్ షా ఒకసారి, నిదానంగా పోనివ్వమన్నారు. ఇంజను చప్పుడులో తనకు వినబడలేదన్నట్టు అతను ఊరుకున్నాడు.

సగం దారిలో ఒక మలుపు దగ్గర, పైనుంచి ఒకావిడ సైకిలు మీద దిగి వస్తోంది. ఎదురుగా జీపు కనబడేసరికి బ్రేకు నొక్కింది. కంకర మీద చక్రం జారింది. ఆవిడ ఒక పక్కకీ సైకిలు ఒక పక్కకీ పడ్డాయి. డ్రైవరు బండి ఆపేలోపు సైకిలు ముందు చక్రం జీపు కిందికి వెళ్లి వంకరపోయింది.

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. లేచి, కుంటుకుంటూ వచ్చి, జీపు ముందు నిలబడింది.

"ఏమయ్యా, కింద గేటు లేదా?"

"ఉంది. మాకు తీశారు. లోపల ఎవరున్నారో తెలుసా?" అన్నాడు జిలానీ.

"ఎవరుంటే నాకేం? ఆయన ఎక్కితే టైరు మెత్తబడుతుందా?"

జిలానీ కిందికి దూకాడు. లోపల పీర్ సాహెబ్ ఉన్నారని, మాటలు అదుపులో పెట్టుకోమని, ముందు సరిగ్గా తొక్కడం నేర్చుకోమని గద్దించాడు. ఆవిడ వెనక్కి తగ్గలేదు.

"మా తమ్ముణ్ణి హైవే మీద లారీ గుద్దింది. సైకిలు మీదే పోయాడు. అప్పటినుంచి నేను ఇది తప్ప ఇంకే రోడ్డూ ఎక్కలేదు. కిందున్న రోడ్లన్నీ మీవే కదయ్యా. ఈ ఒక్కదానికీ వచ్చారా?"

జీపు వెనక తలుపు తెరుచుకుంది. హాషిమ్ షా ఒక్కో కాలూ కింద పెట్టి, తలుపు పట్టుకుని దిగారు. ఇప్పుడు ఈవిడ నోరు మూతపడుతుందని జిలానీ అనుకున్నాడు.

హాషిమ్ షా వెళ్లి ఆవిడ ఎదుట తల దించుకుని నిలబడ్డారు.

"ఆపావెందుకమ్మా? ఇంకా ఉంటే అను. బండి ఎక్కింది నేను."

ఆవిడ అన్నది. ముసలివాడని చూడలేదు, గడ్డం చూసి జంకలేదు. దేవుడి పేరు చెప్పుకుని అడ్డదారిలో వచ్చేవాళ్లను, ఫోన్లు చేయించుకునేవాళ్లను, మిగతావాళ్లంతా తప్పుకోవడానికే పుట్టారనుకునేవాళ్లను, అందరినీ కలిపి కడిగేసింది. జిలానీ రెండుసార్లు అడ్డురాబోయాడు. రెండుసార్లూ గురువు చెయ్యెత్తి ఆపారు. ఎండలో, దుమ్ములో నిలబడి ఆయన చివరిదాకా విన్నారు.

ఆవిడ ఊపిరి అందక ఆగింది. అప్పుడు ఆయన జీపులోంచి నీళ్ల డబ్బా తెచ్చి ఆవిడ పక్కన పెట్టారు. గాయంలో కంకర ఉంది, కడుక్కోమన్నారు. జిలానీ కంగారుగా, అవి నమాజుకు తెచ్చిన నీళ్లని గుర్తుచేశాడు.

"నేను ఏ ముఖంతో నమాజు చేయను?" అన్నారు హాషిమ్ షా. ఆయన గొంతు అంత గట్టిగా ఉండడం జిలానీ ఎప్పుడూ వినలేదు. "నువ్వు అబద్ధం చెబుతున్నావని నాకు అనుమానం వచ్చింది. అడిగితే నిజం చెబుతావని భయపడి అడగలేదు. వెళ్లాలని అంత ఆశ నాకు."



ఆయన డ్రైవరును అడిగారు, బండి ఇక్కడ వెనక్కి తిప్పగలవా అని. డ్రైవరు లోయవైపు చూసి, తిప్పుకోవడానికి సమాధి దగ్గర తప్ప ఎక్కడా చోటు లేదన్నాడు.

"అయితే వెళ్లి తిప్పుకుని రా. హారన్ ముట్టుకోకు. ఎవరినీ దాటకు." తర్వాత శిష్యుడి వైపు తిరిగారు. "నువ్వు ఎక్కు."

"మీరు లేకుండా నేనెందుకు బాబా?"

"గేటు తెరిపించింది నువ్వేగా. ఎక్కు."

ఆయన దారి పక్క రాయి మీద కూర్చున్నారు. ఆవిడ కాలు కడుక్కుని, వంకర చక్రాన్ని ఎత్తిపట్టి, సైకిలు ఈడ్చుకుంటూ కిందికి వెళ్లిపోయింది. క్షమించానని అనలేదు. ఆయన అడగలేదు.

జీపు కదిలింది. జిలానీ లోపల ఉడికిపోతున్నాడు. ఎవరి కోసం చేశాను ఇదంతా? నా కోసమా? ఎవరో దారినపోయే మనిషి ముందు నన్ను ఇంత చులకన చేస్తారా? ఆవిడ మీద కోపం, పార్కు మీద కోపం, అన్నిటికంటే గురువు మీద కోపం.

ముందు ఒక కుర్రవాడు తొక్కుతూ వెళ్తున్నాడు. జీపు అతని వెనక నడకలా పోతోంది. కుర్రవాడు కొంతదూరం తనలో తాను ఏదో పాడుకుంటున్నాడు. చప్పుడు విని వెనక్కి చూశాడు. పాట ఆగిపోయింది. మెడ బిగుసుకుంది. మళ్లీ చూశాడు, మళ్లీ చూశాడు, తొట్రుపడుతూ పొదల్లోకి దిగి నిలబడ్డాడు. జీపు అతన్ని దాటలేదు. అతను ఎక్కేదాకా ఆగింది. అది ఇంకా భయపెట్టినట్టుంది, అతను సైకిలు దిగి నడవడం మొదలుపెట్టాడు. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు. తర్వాత ఒక ముసలాయన. చూసిన ప్రతివాళ్ల ముఖం అలాగే మారింది. కాళ్ల దగ్గర పాము కనబడితే మారినట్టు.

జిలానీ ఇందాక ఈ ముఖాలు చూడలేదు. ఇందాక వేగంగా వచ్చాడు.

కొన మీద సమాధి చూసుకునే ముజావరు, బండి చప్పుడు విని పన్నీరు బుడ్డితో పరుగెత్తుకొచ్చాడు. జీపు లోపలికి తొంగిచూసి, హజ్రత్ వచ్చారా అని అడిగాడు. జిలానీ లేదన్నాడు. దిగి ఫాతిహా చదువుకుని వెళ్లమన్నాడు ముజావరు. జిలానీ తలుపు మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. డ్రైవరు బండి తిప్పాడు.

మొదటి మలుపు రాకముందే జిలానీ బండి ఆపించి దిగాడు. జీపు ముందు నడవడం మొదలుపెట్టాడు. ప్రతి మలుపు దగ్గరా తను ముందు వెళ్లి, చెయ్యెత్తి బండిని ఆపి, ఎక్కి వచ్చేవాళ్లకు భయం లేదు రమ్మని చెప్పాడు. వాళ్లంతా దాటేదాకా తను ముళ్లలోకి దిగి నిలబడ్డాడు. ఒకాయన విసుగ్గా, బండెక్కి వచ్చే దొరలు మీరేనా అన్నాడు. అవునన్నాడు జిలానీ.

గురువు కూర్చున్న మలుపు దగ్గరికి వచ్చేసరికి అతని చెప్పులు తెగిపోయాయి. పాదాలు ఎర్రబడ్డాయి. డ్రైవరును మెల్లగా కిందికి పొమ్మని చెప్పాడు. జీపు వెళ్లిపోయింది. అడవి మళ్లీ సద్దుమణిగింది.

"సమాధి దాకా వెళ్లావా?" అని అడిగారు హాషిమ్ షా.

"బండి వెళ్లింది బాబా."

ఆయన తల ఊపారు. చెయ్యి చాచారు. జిలానీ పట్టుకుని లేపాడు. గురువు బరువు తన భుజం మీద పడగానే అతని కళ్లు చెమర్చాయి. ఇంకా పొద్దుంది, సగం దారి వచ్చేశాం, ఇక్కడినుంచి మెల్లగా నడిపించుకు వెళ్తాను, ఆగుతూ ఆగుతూ పోదాం అన్నాడు.

హాషిమ్ షా గేటు వైపు, కిందికి తిరిగారు.

"ఈ సగం మనం ఎప్పుడొచ్చాం, బేటా?"