జోజమ్మ కోళ్ళ గంప

అనగనగా ఒక ఊళ్ళో, ఉప్పుటేరు ఒడ్డున, తొందర జోజమ్మ అని ఒకావిడ ఉండేదంట. అచ్చం నీలాగే, బంగారూ. పండగెప్పుడే అమ్మమ్మా, పండగెప్పుడే అని పొద్దున్నించీ నా ప్రాణం తోడేశావు చూడు, అలాంటిదే ఆవిడానూ. కళ్ళు మూసుకుని విను మరి.

జోజమ్మకి ఆగడమంటే తెలీదు. అన్నం ఉడక్కముందే వార్చేసేది. జామకాయ దోరగా అవ్వకముందే కోసేసేది. పక్కింటి పిల్లకి నెల తప్పిందని తెలిస్తే చాలు, ఉయ్యాల తాళ్ళు పేనడానికి కూర్చునేది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఊళ్ళోవాళ్ళు మూతి తిప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

పాపం, ఒంటి మనిషి. కోళ్ళే ఆవిడకి తోడు. వాటితోనే కబుర్లు, వాటితోనే కోపాలు. ఆ ఏడు వానల్లో తెగులొచ్చి కోళ్ళన్నీ పోయాయి. ఒక్క ఎర్రపెట్ట మిగిలింది. అది పొదిగి పిల్లల్ని చేస్తేనే జోజమ్మ వాకిట్లో మళ్ళీ సందడి. లేకపోతే ఇంతే సంగతులు. ఖాళీ గంప బోర్లించి, రోజూ దానివంక చూసి నిట్టూర్చేది.

అప్పుడు ఆగమన కాలం వచ్చింది. ఆగమనం అంటే రావడం. బాలయేసు వస్తున్నాడు, ఇంకా రాలేదు. అందుకని గుళ్ళో పీఠానికి ఊదా గుడ్డ కప్పుతారు. పచ్చటాకుల చుట్ట మీద నాలుగు కొవ్వొత్తులు పెట్టి, ఆదివారానికొకటి వెలిగిస్తారు. మహిమ పాట పండగదాకా నోటికి రానివ్వరు. ఆ ఊళ్ళో ఇంకో ఆచారం కూడా ఉంది. గుళ్ళో ఓ మూలన తాటాకు పాక వేసి, అందులో బాలయేసుని పడుకోబెట్టడానికి ఉత్త తొట్టి పెడతారు. పండగ పొద్దున ఇంటికో పిడికెడు గడ్డి తెచ్చి వేస్తారు. అప్పటిదాకా తొట్టి ఖాళీగానే ఉండాలి.

గుడి ఊడ్చేది మన జోజమ్మే. ఆవిడ ఆగుతుందా? మొదటి ఆదివారం సాయంత్రమే ఇంత గడ్డి మోసుకొచ్చి తొట్టినిండా పరిచేసింది. "ఎప్పటికైనా వెయ్యాల్సిందేగా" అనుకుంది.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎర్రపెట్ట ఆవిడ వెనకాలే గుళ్ళోకొచ్చి, ఆ మెత్తటి గడ్డి చూసింది. ఎవరూ లేనప్పుడు వచ్చి రోజుకో గుడ్డు పెట్టింది. ఒకనాడు ఇక లేవనని పొదగడానికి కూర్చుంది.

జోజమ్మ గుండె ఝల్లుమంది. ఉపదేశి ఇన్నయ్యగారు, అదే, ఫాదరుగారు రాని ఆదివారాల్లో ప్రార్థన చెప్పే పెద్దాయన, వచ్చి చూశాడు. పొదిగే పెట్టని కదిపితే గుడ్లు వదిలేస్తుందని ఆయనకీ తెలుసు.

"ఉండనీ జోజమ్మా," అన్నాడు. "మనమూ ఎదురుచూస్తున్నాం, అదీ ఎదురుచూస్తోంది. పండగలోపు లేస్తుందిలే. నువ్వు మాత్రం దాని జోలికెళ్ళకు."

ఎలా వెళ్ళకుండా ఉంటుంది? ఆవిడ చెయ్యి ఊరుకోదాయె. గుడ్లలో పిల్ల కడుతోందో లేదో చూడాలనిపించింది. అప్పటికింకా వంతు రాని మూడో కొవ్వొత్తి వెలిగించి, పెట్ట కింద చెయ్యి పెట్టి, ఒక్కో గుడ్డూ వెలుగుకి పట్టి చూసింది. పెట్టకి ఒళ్ళు మండి కిటికీలోంచి ఎగిరిపోయింది. మళ్ళీ వచ్చేసరికి పొద్దువాలింది. గుడ్లు చల్లబడ్డాయి.

ఆదివారం పూట కొవ్వొత్తి పొట్టిగా ఉండటం చూసి ఇన్నయ్యగారు జోజమ్మ వంక చూశాడు. జోజమ్మ తలొంచుకుంది. బుద్ధొచ్చిందంటావా? రాలేదు.

పండగ దగ్గరపడింది. పక్కవీధిలో పిల్లలు డప్పులు సవరిస్తున్నారు. పెట్ట మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. అప్పుడు జోజమ్మకి ఇంకో బుద్ధి పుట్టింది. పిల్ల లోపల ఇరుక్కుపోయిందేమో, కాస్త సాయం చేద్దామనుకుంది. ఒక గుడ్డు తీసి, గోటితో పెంకు గిల్లింది.

లోపల పిల్ల ఉంది, బంగారూ. కానీ ఇంకా తయారు కాలేదు. ఆవిడ అరచేతిలోనే ఊపిరి పోయింది.

జోజమ్మ ఆ పాక ముందు కూలబడి ఏడ్చింది. కోళ్ళు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు తెగులు చంపింది, ఇప్పుడు తన చెయ్యే చంపింది. ఆ తర్వాత రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, పెట్టకి దూరంగా కూర్చోవడం మొదలుపెట్టింది. రోజూ వచ్చి ఊరికే కూర్చునేది. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది.

పండగ తెల్లవారింది. ఫాదరుగారు పెద్ద ఊళ్ళో పూజ ముగించుకుని, బండి మీద దుమ్ముకొట్టుకుని వచ్చారు. ఆయనింకా రెండూళ్ళు తిరగాలి. జనం పిడికెడేసి గడ్డి పట్టుకుని నిలబడ్డారు. తొట్టిలో చూస్తే పెట్ట ఇంకా లేవలేదు.

"ఇంకేం చేస్తాం," అన్నాడు ఇన్నయ్యగారు. "దాన్ని లేపి పక్కన పెడదాం. బాలయేసుకి చోటు కావాలిగా."

అందరూ జోజమ్మ వైపు చూశారు. ఊళ్ళో అందరికంటే ముందు క్రిస్మస్ కావాలని గోల పెట్టేది ఆవిడేగా. ఎర్రపెట్ట రెక్క కింద ఒక గుడ్డుకి సన్నగా బీట పడి ఉండటం ఆవిడ చూసింది. ఇప్పుడు లేపితే అంతా అయిపోయినట్టే.

"కొంచెం ఆగండి ఫాదరుగారూ," అంది.

ఆ మాట జోజమ్మ నోట్లోంచి ఊరంతా వినడం అదే మొదటిసారి.

గబగబా ఇంటికెళ్ళి, వానలప్పట్నుంచీ బోర్లించి ఉన్న కోళ్ళ గంప తెచ్చింది. వెల్లకిలా తిప్పి పాక ముందు పెట్టింది. "నా దగ్గర ఇదొక్కటే ఉందయ్యా," అంది.

ఫాదరుగారు గంపనీ, పెట్టనీ మార్చి మార్చి చూసి నవ్వారు. "ఆయనకి చోటు దొరక్కపోవడం కొత్తేం కాదులే జోజమ్మా, పుట్టిననాడూ సత్రంలో దొరకలేదుగా," అన్నారు. జనం తెచ్చిన గడ్డంతా గంపలో పోశారు. బాలయేసు స్వరూపాన్ని అందులో పడుకోబెట్టారు.

అప్పుడు గంట మోగింది. ఆగమనమంతా దాచుకున్న మహిమ పాట అందరూ గొంతెత్తి అందుకున్నారు. ఆ పాట మధ్యలో, తొట్టిలోంచి సన్నగా కిచకిచమని వినబడింది. ఒకటి. ఆ తర్వాత ఇంకోటి. జోజమ్మ చెవులకి తెలుసు, ఆవిడ గుండెకి తెలుసు. అయినా మోకాళ్ళ మీంచి లేవలేదు. కళ్ళ నీళ్ళు కారుతుంటే, చేతులు జోడించుకుని, పాట అయ్యేదాకా అలాగే ఉంది.

చల్లబడ్డ గుడ్లు కొన్ని మురిగిపోయాయిలే. మిగిలినవి చాలు. మళ్ళీ వానాకాలానికి జోజమ్మ వాకిట్లో కాలు పెట్టే చోటు లేదంట. ఆ ఊళ్ళో ఇప్పటికీ బాలయేసుని తొట్టిలో పడుకోబెట్టరు. కోళ్ళ గంపలోనే.

పండగ రేపు కాదు, ఎల్లుండి కాదు. వస్తుంది, దాని టైముకి వస్తుంది. ఇటు తిరిగి పడుకో.

కథేమో కంచికి,
కోడేమో గంపకి,
గింజేమో పిల్లకి,
నిద్దరేమో నీ కంటికి.