ఓడనివ్వని ప్యాచ్

"మాస్టారూ, ప్యాచ్‌లో తప్పేమీ లేదు. ఆట మాత్రం ముందుకు కదలడం లేదు. ఇంకెక్కడ వెతకమంటారు?" అని అడిగింది కాత్యాయని.

ఖలీల్ మాస్టారు బందరులో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పాత వీడియో గేములంటే ఆయనకు ప్రాణం. ఎప్పుడో తయారీ ఆగిపోయిన గేమ్ పెట్టెల పనిని కంప్యూటరు చేత చేయించే ఎమ్యులేటర్‌ను తన వరండాలో పెట్టుకుని, ఆ ఆటల లోపలి మర్మాలను ఆసక్తి ఉన్నవాళ్లకు నేర్పుతుండేవారు. ప్యాచ్ అంటే కొద్ది వరుసల చిన్న ఫైలు. ఆట నడుస్తున్నంతసేపూ దాని మెమరీలో ఫలానా చోట ఫలానా అంకె వేస్తూ ఉండమని చెబుతుంది. దాంతో ఆడేవాళ్ల ప్రాణం తరగదు, అమ్ముల పొది ఖాళీ కాదు. దొంగాట అని కొందరు ఈసడించినా, ఈ విద్యలో కాత్యాయనిది అందెవేసిన చెయ్యి.

తప్పెక్కడుందని అడిగినవాళ్లకు మాస్టారు తప్పు చూపించరు. అది ఆయన అలవాటు.

"ఎవరి కోసం రాశావమ్మా?" అన్నారు.

"ఎస్తేరు సిస్టరు గారి కోసం. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి స్వాధీనం తప్పింది కదండీ. ఆటలో రాక్షసుల్ని తట్టుకోలేకపోతున్నానంటే, ప్రాణం తరగకుండా రాసిచ్చాను. ప్యాచ్ ఫైలుకు ఆట పేరే ఉండాలి కదా, అదీ సరిపోయింది. అంకెలన్నీ మళ్లీ మళ్లీ సరిచూశాను."

"ఆవిడ ఆడుతుంటే చూశావా?"

కాత్యాయని తల అడ్డంగా ఊపింది. తన కంప్యూటరు మీద మొదటి ఘట్టం వరకు నడిపి చూసి, పనిచేస్తోందని పంపేసింది.

"అయితే వెళ్లి పక్కన కూర్చో. నువ్వు మాత్రం ఏదీ ముట్టుకోకు."

ఎస్తేరు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసిన మనిషి. ఎందరినో మంచం దింపి నడిపించిన ఆవిడకు తన చేతి వేళ్లే మాట వినకుండా పోయాయి. రబ్బరు బంతి పిసకమని డాక్టరు చెబితే విసుగొచ్చి, చెల్లెలి కొడుకు వదిలేసిన గేమ్ కంట్రోలర్ పట్టుకుంది. పట్టుకున్నాక ఆ కథ ఆవిడను వదల్లేదు. ఒక పడవవాడు నది ఎగువకు పోయి, మాయమైన తన ఊరిని వెతుక్కునే కథ అది.

ఆ సాయంత్రం కాత్యాయని వెళ్లేసరికి తెర మీద వంతెన దగ్గర పోరు సాగుతోంది. నదీ రాక్షసుడు గద ఎత్తి మోదుతున్నాడు. పడవవాడి ప్రాణం గీతంత కూడా తగ్గడం లేదు. వీడు కొడితే వాడూ చావడం లేదు.

"వారం నుంచీ ఇదే వరస," అంది ఎస్తేరు నవ్వుతూ. "వాడు చావడు, నేను చావను. మా కాపురం ఇలాగే సాగిందమ్మా."

కాత్యాయనికి నవ్వొచ్చింది గాని, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎస్తేరు కుడిచేత్తో మాత్రమే ఆడుతోంది. ఎడమ చెయ్యి ఒళ్లో దిండు మీద ఊరికే పడి ఉంది.

"డాలు ఎత్తే మీట ఎడమ వైపు ఉంటుంది కదా సిస్టరు గారూ?"

"ఉంటుంది. దెబ్బే తగలనప్పుడు డాలెందుకు? ముందైతే వేళ్లు లాగేస్తున్నా నొక్కేదాన్ని. ఇప్పుడా బాధ లేదు." ఆ మాట అంటూనే ఆవిడ తన వేళ్ల వంక చూసుకుంది. అవి మళ్లీ కొద్దిగా ముడుచుకుపోయి ఉన్నాయి. పని చెప్పకపోతే రోగుల వేళ్లు అలా ముడుచుకుపోవడం ఎన్నిసార్లు చూసిందో!

"ఒకసారి ఆ ప్యాచ్ తీసెయ్యమ్మా," అంది. "చచ్చి చూస్తాను."

"మాస్టారు నన్ను ముట్టుకోవద్దన్నారండీ."

"సరే, ఎక్కడుందో చూపించు. నేనే తీస్తాను."

తీసింది. రెండు దెబ్బలకే పడవవాడు వంతెన మీంచి నీళ్లలోకి కూలిపోయాడు. తెరంతా నల్లబడింది. అయిపోయిందనుకుని కాత్యాయని కళ్లు మూసుకుంది. నీళ్ల చప్పుడు వినబడి తెరిచి చూస్తే, పడవవాడు ఎగువ రేవులో ఒక ముసలి జాలరి ఇంట్లో కళ్లు విప్పుతున్నాడు. కథ ఆ రేవు నుంచి ముందుకు సాగింది. వంతెన దగ్గర పడవవాడు ఓడిపోతేనే ఆ రేవు చేరతాడు. ఆట రాసినవాళ్లు అలాగే రాశారు.

ఎస్తేరు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయింది. ఎడమ చెయ్యి సగం లేచి ఆగింది.

ఇంటికొచ్చి కాత్యాయని ప్యాచ్‌లోని పాత వరుసలన్నీ చెరిపేసింది. ప్రాణాన్ని నిండుగా పట్టి ఉంచకుండా, తగిలే దెబ్బ బరువును మాత్రం తగ్గించాలనుకుంది. మొదటి ప్రయత్నంలో ఆట మొదలవుతూనే బిగుసుకుపోయింది. వెతగ్గా, దెబ్బను లెక్కగట్టే చోటికి బదులు దాని పక్క చోటును మార్చినట్టు తేలింది. దాన్ని సరిదిద్ది, ఈసారి వంతెన దాకా తానే ఆడి, కూలిపోయి, రేవు చేరి, అప్పుడు పంపింది. ఇక డాలు ఎత్తకపోతే దెబ్బ తగులుతుంది. ఎత్తడం కాస్త ఆలస్యమైనా కొంప మునగదు.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం ఆమె మాస్టారి వరండాకు వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"సిస్టరు గారు పడవవాడి ఊరు చేరుకున్నారు మాస్టారూ! ఎన్నిసార్లు చచ్చారో ఆవిడకే తెలియదట. నిన్న నాకు రెండు చేతులతోనూ కాఫీ గ్లాసు అందించారు."

"సంతోషం. ఇప్పుడేం చేస్తున్నారు?"

"మళ్లీ మొదటి నుంచీ ఆడుతున్నారు. కానీ ఈసారి..." కాత్యాయని కాస్త చిన్నబోయినట్టు ఆగింది. "ఈసారి నా ప్యాచ్ తీసేశారండీ. అక్కర్లేదన్నారు."

ఖలీల్ మాస్టారు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"అయితే ఇప్పుడు పనిచేసిందమ్మా," అన్నారు.