ఓడ పురుగు, విరజ లేపనం

అనగనగా, సముద్రపు హోరు వింటూ పిల్లలు నిద్రపోయే ఒక రేవు పట్టణం. దాని పేరు వేలాపురి.

వేలాపురి ఓడలు మిరియాలు, నూలు బట్టలు మోసుకుని దూరదేశాలకు వెళ్ళేవి. అయితే ఆ నీళ్ళలో ఒక పురుగు ఉండేది. దారమంత సన్నగా ఓడ అడుగు చెక్కలోకి దూరేది. లోపల్లోపలే తొలుచుకుంటూ పోయేది. పైకి చెక్క నున్నగానే కనిపించేది. లోపల మాత్రం జల్లెడ! ఏదో ఒక రోజు, గాలీ వానా లేని నడిసముద్రంలో ఆ చెక్క పుటుక్కున విరిగేది. ఏటా రెండు మూడు ఓడలు అలా తిరిగి రాకుండా పోయేవి.

పట్టణం పక్కన కొండ మీద ఒక విద్యాపీఠం ఉండేది. అక్కడ విరజ అనే పండితురాలు చెట్ల గురించి పాఠాలు చెప్పేది. ఆమె తండ్రి ఓడలు కట్టే వడ్రంగి. పురుగు తిన్న చెక్కల మధ్యే ఆమె పెరిగింది. ఏడేళ్ళు శ్రమించి, గుగ్గిలం, కానుగ నూనె, ఆలిచిప్పల సున్నం కలిపి ఒక లేపనం తయారుచేసింది. అది పూసిన చెక్కలను రేవులో ముంచి ఉంచింది. మూడేళ్ళయినా పురుగు వాటి జోలికి రాలేదు.

కానీ ఒక ఓడకు పూయాలంటే పెద్ద పెద్ద కాగులు కావాలి, పొయ్యిలు కావాలి, పాతికమంది పనివాళ్ళు కావాలి. విద్యాపీఠంలో ఉన్నవి తాటాకు గ్రంథాలు, విద్యార్థులు. అంతే.

విద్యాపీఠం కులపతి వసుభూతి విరజను పిలిచాడు. “అమ్మా, నీ లేపనం ఈ గిన్నెలోనే ఉండిపోతే ఒక్క ప్రాణమూ దక్కదు. రేవులో ఓడల యజమానులున్నారు. వెళ్ళు. వాళ్ళకు చూపించు. పెట్టుబడి పెట్టమని అడుగు,” అన్నాడు.

విరజ మొదట సింహగుప్తుడి దగ్గరికి వెళ్ళింది. ఆయనకు ఇరవై ఓడలు. ఊయల బల్ల మీద కూర్చుని, “చెప్పమ్మా,” అన్నాడు.

విరజ చెప్పడం మొదలుపెట్టింది. గుగ్గిలం చెట్లు ఎన్ని రకాలో చెప్పింది. వాటి ఆకులు ఎలా ఉంటాయో చెప్పింది. ఏ జిగురు ఏ నెలలో కారుతుందో చెప్పింది. నాలుగో రకం చెట్టు దగ్గరికి వచ్చేసరికి సింహగుప్తుడు ఆవులించాడు. అయిదో చెట్టు దగ్గర లేచి నిలబడ్డాడు.

“నువ్వు గొప్ప పండితురాలివమ్మా. ఆ సంగతి తెలిసింది. నా ఓడల సంగతే తెలియలేదు,” అని లోపలికి వెళ్ళిపోయాడు.

విరజ చిన్నబోయి కొండెక్కింది. జరిగిందంతా విని వసుభూతి నవ్వాడు. “ఏడేళ్ళు నువ్వు పడ్డ కష్టం చెప్పుకొచ్చావు. మరి ఆయన కష్టం ఏమిటో అడిగావా?”

ఆమె అడగలేదు. ఆ మాట ఆమె మనసుకు సూటిగా తగిలింది.

రెండోసారి మకరంద శ్రేష్ఠి అనే మరో ఓడల యజమాని దగ్గరికి వెళ్ళింది. ఈసారి చెట్ల ఊసే ఎత్తలేదు. రెండు చెక్కలు ఆయన ముందు పెట్టింది.

“అయ్యా, రెండూ ఒకే మానులోంచి కోసినవి. రెండూ మూడేళ్ళు ఒకేచోట మునిగి ఉన్నాయి. దీనికి నా లేపనం పూశాను, దానికి పూయలేదు. కాస్త నొక్కి చూడండి.”

శ్రేష్ఠి లేపనం లేని చెక్కను బొటనవేలితో నొక్కాడు. అది అప్పడంలా పొడిపొడి అయింది. రెండో చెక్కను నేలకేసి కొట్టాడు. అది ఖంగుమంది. ఆయన కళ్ళు మెరిశాయి.

“భలే! రేపే కాగులు తెప్పిస్తాను. ఒక్క మాట మాత్రం మార్చు. ఇది పదేళ్ళు ఆగుతుందని చెప్పు. రేవంతా దండోరా వేయిస్తాను.”

“నేను మూడేళ్ళే చూశానయ్యా.”

“మూడో పదో ఎవరికి తెలుస్తుంది?”

“నాలుగో ఏడు నడిసముద్రంలో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది,” అంది విరజ. చెక్కలు సంచిలో పెట్టుకుని లేచి వచ్చేసింది.

శ్రేష్ఠి ఊరుకోలేదు. తారులో మసి కలిపి తనే ఒక నల్లటి పూత చేయించాడు. పదేళ్ళ పూత అని దండోరా వేయించాడు. ఓడలవాళ్ళు ఎగబడి కొన్నారు. అది విన్నప్పుడు విరజ మనసు చివుక్కుమంది. ‘ఒక్క మాట అనేసి ఉంటే ఈపాటికి నా లేపనం ఓడల మీద ఉండేది కదా’ అనుకుంది. అనుకుని, తల విదిలించి, చెక్కల సంచి మళ్ళీ భుజాన వేసుకుంది.

మూడోసారి గంగాంబ ఇంటికి వెళ్ళింది. గంగాంబకు అయిదే ఓడలు. ఆరో ఓడతో పాటు ఆమె తమ్ముడు సముద్రంలో కలిసిపోయాడు. అప్పటినుంచి ఆమె ఎవరి మాటా ఊరికే నమ్మేది కాదు.

“నీ లేపనం ఏం చేస్తుంది తల్లీ?” అని అడిగింది గంగాంబ.

విరజ రెండు చెక్కలూ చూపించి నాలుగు మాటల్లో చెప్పింది.

“ఏం చేయలేదు?”

విరజ సంచిలోంచి మూడో చెక్క తీసింది. దాని మీద లేపనం పెచ్చులుగా ఊడిపోయి ఉంది. “ఇది ఏటి మొగలో ఉంచిన చెక్క. మంచినీళ్ళు కలిసేచోట ఎనిమిది నెలలకే పూత ఊడింది. ఎందుకో నాకింకా తెలియదు.”

గంగాంబ ఆశ్చర్యపోయింది. “ఓడిపోయిన చెక్కను కూడా మోసుకొచ్చావా!”

“ఈ సంగతి మీ ఓడ అడుగున బయటపడేకంటే మీ ముందు బయటపడటమే మేలు కదమ్మా.”

గంగాంబ ఆ పెచ్చులను వేలితో గీరి చూసింది. తర్వాత అడిగింది. “నీకు తెలియనిది ఇంకేదైనా ఎదురైతే?”

“ఏటా ఓడను ఒడ్డుకు లాగించి చెక్క చెక్కా నేనే చూస్తాను. మొదటి ప్రయాణంలో ఓడలో నేనూ ఉంటాను.”

“ఒక్క ఓడ ఇస్తాను. అయిదూ ఇవ్వను,” అంది గంగాంబ.

“ఒక్కటే అడుగుదామని వచ్చానమ్మా!” అంది విరజ.

కాగులు వచ్చాయి. పొయ్యిలు వెలిగాయి. ఓడ అడుగంతా తెల్లగా మెరిసింది. అన్న ప్రకారం విరజ ఓడెక్కింది. వాంతులతో నాలుగు రోజులు లేవలేకపోయింది గానీ, అయిదో రోజు నుంచి దీపం పట్టుకుని అడుగు అరలన్నీ తడిమి చూసింది. ఏడాదికి ఓడను ఒడ్డుకు లాగారు. చుక్కాని దగ్గర రాపిడికి జానెడు మేర పూత పోయింది. ఆ జానెడులోనే పురుగు చేరింది. మిగతా ఓడంతా గట్టిగా ఉంది. విరజ దాచలేదు. గంగాంబను పిలిచి చూపించింది. అక్కడ రాగిరేకు కొట్టించింది.

ఆ ఏడే మకరందుడి నల్ల పూత వేసిన రెండు ఓడలకు నడిదారిలో చిల్లులు పడ్డాయి. నావికులు రాత్రింబవళ్ళు నీళ్ళు తోడి తోడి ఎలాగో ఒడ్డున పడ్డారు. ప్రాణాలు దక్కాయి. శ్రేష్ఠి మాట మాత్రం మరి రేవులో చెల్లలేదు.

అప్పుడు సింహగుప్తుడే స్వయంగా కొండెక్కి వచ్చాడు. “అమ్మా, ఈసారి నా ఓడల సంగతి చెప్తావా?” అని నవ్వాడు.

“ముందు మీరు చెప్పండి అయ్యా. మీ ఓడలు ఏ నీళ్ళలో తిరుగుతాయి?” అని అడిగింది విరజ.

ఏటి మొగకు వెళ్ళే తొమ్మిదింటిని ఆమె వద్దంది. మిగిలిన పదకొండింటికీ పూత వేయించింది. వచ్చిన లాభంలో విద్యాపీఠానికి వాటా ముట్టింది. ఆ డబ్బుతో మిగతా పండితుల గిన్నెల కింద కూడా పొయ్యిలు వెలిగాయి.

ఆ ఏడు వానలు వెలిశాక రేవులో ఆడవాళ్ళు వరసగా నిలబడి తెరచాపలు లెక్కపెట్టారు. విరజ లేపనం పూసుకున్న ఓడలన్నీ వచ్చాయి. ఒక్కటీ తగ్గలేదు.

కాబట్టి పిల్లలూ, మీ పని గొప్పతనాన్ని ధైర్యంగా చెప్పండి, దాని లోపాన్నీ అంతే ధైర్యంగా చెప్పండి. అలా రెండూ చెప్పేవారినే లోకం నమ్ముతుంది.